ఖాళీగా వదిలిన గడి: లేబర్ రూమ్‌లో ఒక స్టూడెంట్ నైట్ డ్యూటీ

ఈ కేసులో అరుదైనది ఏమీ లేదు. తొలిచూలు, నెలలు నిండిన బిడ్డ, నెమ్మదిగా సాగిన నొప్పులు, మామూలు కాన్పు, ఆ తర్వాత గంటలోపే ఎక్కువైన రక్తస్రావం. వరంగల్‌లో ప్రసూతి వార్డులో పని చేసిన ఎవరైనా ఇలాంటివి చూసే ఉంటారు. అయినా రాస్తున్నానంటే కారణం ఒకటే. ఆ రాత్రి ఆ తల్లి పక్కన ఒక బీఎస్సీ నర్సింగ్ స్టూడెంట్ తెల్లారేదాకా కూర్చుంది. ఆమె నింపిన కాగితంలో నా పొరపాటు ఒకటి దొరికింది.

తల్లిని అడిగే రాస్తున్నాను. ఊరు, తేదీ, హాస్పిటల్ పేరు వేయడం లేదు. నేను స్టాఫ్ నర్సుగా చేరి, తర్వాత 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ తీసుకున్నదాన్ని. పోస్టింగ్‌కు వచ్చే పిల్లలకు వార్డులో పని నేర్పించడం కూడా నా డ్యూటీలో భాగమే.

ముందు ఈ పోస్టింగ్ సంగతి కొంచెం చెప్పాలి. రాత్రి 8కి ఆరుగురు స్టూడెంట్లు వస్తారు. అందరి చేతిలో లాగ్ బుక్. అందులో ఇన్ని కాన్పులు చేయాలి, ఇన్ని పీవీలు (చేయి పెట్టి చేసే లోపలి పరీక్ష) చేయాలి అని లెక్క ఉంటుంది. అందుకే పిల్లల చూపంతా ఏ టేబుల్ మీద తల కనబడుతోందా అనే. తల కనబడగానే నలుగురు గ్లోవ్స్ వేసుకుని పరిగెత్తుతారు. అంతకుముందు పది గంటలు ఆ తల్లి ఎలా ఉందో ఎవరికీ తెలియదు. తప్పు వాళ్లది కాదు, పుస్తకంలో గళ్లు అలా ఉన్నాయి. పీవీల విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఒకే తల్లికి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు చేయి పెట్టి చూడడం చదువు కాదు. ఇన్‌ఫెక్షన్ మాట పక్కన పెట్టినా, ఆ తల్లిని అడిగిందెవరు?

ఆ రోజు నేను ఒక పద్ధతి పెట్టాను. ఒక్కొక్కరికి ఒక్క తల్లి. ఆమె కాన్పు అయ్యేదాకా ఆమె దగ్గరే ఉండాలి. పిల్లలకు నచ్చలేదు.

తల్లి వివరాలు

వయసు 22. పరకాల వైపు పల్లె. 39 వారాలు. సాయంత్రం నాలుగున్నరకు 108లో వచ్చింది. హిమోగ్లోబిన్ 10.1, బీపీ 116/74, నాడి 84. బీపీ, షుగర్ సమస్యలు లేవు. చేరేటప్పటికి గర్భసంచి ముఖద్వారం 3 సెంటీమీటర్లు తెరుచుకుంది, పది నిమిషాలకు రెండు నొప్పులు, ఉమ్మనీటి సంచి పగలలేదు. తోడుగా వాళ్లమ్మ వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడు మనిషిని అనుమతించవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. మా దగ్గర అది అమలు కావడానికి కర్టెన్ల కోసం ఆగాల్సి వచ్చింది, అది వేరే కథ.

ఆ అమ్మ మిర్చి ఏరుతుంటే ఫోన్ వచ్చిందట. చేను నుంచి అట్నుంచటే వచ్చేసింది. కూతురు నడుము పట్టుకుని ఏడుస్తుంటే ఈమె దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. మా స్టూడెంట్‌కు అది వింతగా తోచింది. "అమ్మా, జర నడుము రాయరాదా" అంటే, ఆమె రెండు చేతులూ చూపించింది. "కారం చేతులు బిడ్డా. ఎంత కడిగినా మంట పోతలేదు. ముట్టుకుంటే దానికి గూడ మండుతది." స్టూడెంట్ వెళ్లి ఒక జత గ్లోవ్స్ తెచ్చి ఆమెకు తొడిగింది. ఆ రాత్రంతా ఆ తల్లి నడుము రాసింది గ్లోవ్స్ వేసుకున్న ఆ చేతులే. ఈ పని ఏ లాగ్ బుక్‌లోనూ లేదు.

నూట నలభై

రాత్రి 9కి నేను పీవీ చేశాను. 5 సెంటీమీటర్లు. పది నిమిషాలకు మూడు నొప్పులు, ఒక్కోటి 35 సెకన్లు. బిడ్డ తల ఐదింట మూడు వంతులు పొట్ట మీద ఇంకా చేతికి తగులుతోంది. పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో గడుల్లో నింపే చార్టు, మొదలుపెట్టి స్టూడెంట్ చేతికిచ్చాను. బిడ్డ గుండె అరగంటకోసారి, నొప్పులు అరగంటకోసారి, తల్లి బీపీ, నాడి, మూత్రం గళ్లు వేరే. మూత్రానికి రెండు గంటలకోసారి పంపాలని చెప్పాను.

పదిన్నరకు వెళ్లి చూస్తే బిడ్డ గుండె గడుల్లో 140, 140, 140, 140 అని ఉంది.

నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. మా రిజిస్టర్లు తీసి చూడండి, వరంగల్‌లో పుట్టే బిడ్డలందరి గుండె 140 దగ్గరే కొట్టుకుంటుంది. 110 నుంచి 160 దాకా మామూలే కాబట్టి 140 రాస్తే ఎవరూ ఏమీ అనరు. ఆమెను అడిగితే, డాప్లర్ (బిడ్డ గుండె చప్పుడు వినే మెషిన్) పెట్టాను, బాగానే కొట్టుకుంటోంది మేడం అంది. విన్నది నిజమే, లెక్కపెట్టలేదు.

అప్పుడు ఇద్దరం కూర్చున్నాం. ఒక చేయి పొట్ట మీద, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు వదిలింది. ఇంకో చేతి వేలు తల్లి మణికట్టు నాడి మీద, ఎందుకంటే డాప్లర్‌లో ఒక్కోసారి తల్లి నాడే వినపడి బిడ్డదనుకుంటాం. నొప్పి తగ్గగానే నిండా ఒక నిమిషం లెక్క. నొప్పి వెనకాల గుండె తగ్గుతోందా లేదా తెలిసేది ఆ నిమిషంలోనే. 11కి 134, పదకొండున్నరకు 146, పన్నెండుకు 138 వచ్చాయి. అంకెలు మారడం చూసి ఆ అమ్మాయి ముఖం వెలిగింది.

అప్పుడే ఒక మాట అన్నాను. చూడనిది రాయకు. చూడడం కుదరకపోతే గడి ఖాళీగా వదిలెయ్, ఎందుకు వదిలావో పక్కన రాయి.

"ఖాళీలు ఉంటే ఇన్‌స్పెక్షన్‌లో తిడతారు కదా మేడం?"

తిడతారు. నన్నే తిడతారు, నువ్వు రాయి అన్నాను. నిజం చెప్పాలంటే, కాన్పు అయిపోయాక టేబుల్ దగ్గర కూర్చుని పార్టోగ్రాఫ్‌లు గీసిన రోజులు నాకూ ఉన్నాయి. అలాంటి వాటిని ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, గీత అలర్ట్ లైన్ (కాన్పు సాగాల్సిన వేగాన్ని చూపే గీత) పక్కనే స్కేల్ పెట్టి గీసినట్టు పోతుంది. ఏ తల్లి నొప్పులూ అంత నీట్‌గా రావు.

రాత్రి ఒంటి గంట

పీవీ చేస్తే 6 సెంటీమీటర్లు. నాలుగు గంటల్లో ఒక్క సెంటీమీటరే. నొప్పులు మాత్రం బాగున్నాయి, పది నిమిషాలకు నాలుగు, 40 సెకన్ల పైనే. తల్లికి పొట్ట కన్నా నడుములోనే నొప్పి. "నడుము ఇరుగుతాంది సిస్టరమ్మా" అని ఒకటే మాట.

మా వార్డులో వాడేది పాత నమూనా పార్టోగ్రాఫ్. గంటకు ఒక సెంటీమీటర్ చొప్పున అలర్ట్ లైన్, దానికి నాలుగు గంటల కుడివైపున యాక్షన్ లైన్, అది దాటితే ఇక ఏం చేయాలో తేల్చాలి. ఆ లెక్కన ఈమె అలర్ట్ లైన్ దాటి మూడు గంటలు. 2020లో డబ్ల్యూహెచ్‌ఓ తెచ్చిన లేబర్ కేర్ గైడ్‌లో ఆ ఒకటే గీత లేదు. 5 సెంటీమీటర్ల దగ్గర ఆరు గంటల దాకా, 6 దగ్గర ఐదు గంటల దాకా చూడొచ్చు. ఆ లెక్కన ఈమె ఇంకా హద్దులోనే ఉంది. రెండు కాగితాలు రెండు మాటలు చెబుతున్నప్పుడు మనిషిని చూడాలి. బిడ్డ గుండె బాగుంది. తల్లి నాడి 92, జ్వరం లేదు.

బయట మాత్రం ఓపిక అయిపోయింది. అత్తగారి వైపువాళ్లు తలుపు దగ్గరికి వచ్చి, "ఇగ పిల్లతోని గాదు, పెద్దాపరేషన్ చేయుండ్రి" అన్నారు. వాళ్లను తప్పు పట్టను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. చుట్టాల్లో పది మందిని అడిగితే ఆరుగురికి కోసే ఉంటారు. అలాంటప్పుడు మామూలు కాన్పు కోసం ఆగమంటే మనం పట్టించుకోవడం లేదనే అనుకుంటారు.

పీవీలో నాకు అనుమానం వచ్చింది. బిడ్డ చిన్న మాడు (తల వెనక భాగంలో ఎముకలు కలిసే చోటు) వెనక వైపు తగులుతోంది. అంటే బిడ్డ వీపు తల్లి వీపు వైపు ఉంది. స్టూడెంట్ కాగితం తిరగేస్తే పదింటికే ఆమె పక్కన రాసి పెట్టింది: "బొడ్డు కింద గుంటలా ఉంది. గుండె కుడి డొక్క పక్కన బాగా వినపడుతోంది." దాని అర్థం ఆమెకు తెలియదు. కనబడింది రాసింది. పొట్ట చూసి పట్టుకోవాల్సిన విషయాన్ని నేను పీవీ దాకా పట్టుకోలేదు.

అప్పుడే ఆమె అడిగింది. "మేడం, ఆ గుంట కింద ఈ ఎత్తు ఏంటి?"

మూత్రాశయం. నిండి ఉబ్బి, పొట్ట కింది భాగంలో మెత్తటి బంతిలా ఉంది. రెండు గంటలకోసారి అని నేను చెప్పింది నిజమే, మూత్రం గడిలో ఆ అమ్మాయి రాసింది చూడండి: "11: అడిగాను, వస్తలేదు అంది." నేను మళ్లీ అడగలేదు. ఇప్పుడు తల్లినే అడిగాను, ఒంటికి ఎప్పుడు పోయినవ్ బిడ్డా అని. "బండి ఎక్కకముందు." అంటే ఎనిమిది గంటలు దాటింది. మంచం దిగొద్దని సాయంత్రం ఎవరో అన్నారట. పడుకుని బెడ్‌పాన్‌లో పోయడం ఆమె వల్ల కాలేదు, సిగ్గుపడి చెప్పలేదు.

లేపి నడిపించాం. ఒక పక్క వాళ్లమ్మ, ఒక పక్క స్టూడెంట్. లోపల నల్లా విప్పి పెట్టారు, ఆ చప్పుడుకు వచ్చింది. తిరిగి వచ్చి స్టూడెంట్ గంభీరంగా, "70 సెకన్లు మేడం, లెక్కపెట్టాను" అంది. రాయమన్నాను. 1:20 గడిలో టిక్, పక్కన "70 సె." అని ఇప్పటికీ ఉంది.

డ్యూటీ డాక్టర్ మేడం వచ్చారు. ఉమ్మనీటి సంచి పగలగొట్టి ఆక్సిటోసిన్ (గర్భసంచి ముడుచుకునేలా చేసే మందు) డ్రిప్ పెట్టాలన్నది ఆమె ఆలోచన. నొప్పులు నాలుగున్నాయి, మూత్రం ఇప్పుడే పోయింది, రెండు గంటలు చూద్దామా అని అడిగాను. ఆమె కాగితం మొత్తం చదివి, గుండె అంకెలు చూసి, సరే, మూడింటికి మళ్లీ చూద్దాం అన్నారు. గడుల్లో వరసగా 140లే ఉండి ఉంటే ఒప్పుకునేవారు కాదేమో.

తల్లిని వెల్లకిలా పడుకోనివ్వలేదు. కుర్చీని తిప్పి పెట్టి, వీపు ఆనించే చెక్క మీద చేతులు వేసి ముందుకు వాలి కూర్చోమన్నాం. విసుగొస్తే మోకాళ్ల మీద, అదీ విసుగొస్తే నడక. 3కి చూస్తే 8 సెంటీమీటర్లు. తల దిగింది, చిన్న మాడు పక్కకు జరిగింది. మూత్రం పోవడం వల్లా, కూర్చోవడం వల్లా, రెండూ కాదా అంటే నేను గట్టిగా చెప్పలేను. వెనక్కి ఉన్న బిడ్డల్లో ఎక్కువ మంది నొప్పుల్లోనే తమంతట తాము తిరుగుతారు. నిండిన మూత్రాశయం తలకు అడ్డం పడుతుందన్నది మాత్రం మంత్రసానులకు కూడా తెలిసిన సంగతే.

మూడుంపావుకు పక్క టేబుల్ మీద కాన్పు. ఫ్రెండ్స్ ఈమెను పిలిచారు, నీకు ఇప్పటికి ఒక్కటీ రాలేదు కదా రా అని. ఆమె నా వైపు చూసింది. నీ ఇష్టం అన్నాను. ఆ తల్లి ఈమె ఏప్రాన్ అంచు పట్టుకుని వాంతి చేసుకుంటోంది. వెళ్లలేదు.

కాన్పు, ఆ తర్వాతి గంట

వాంతుల వల్ల సెలైన్ పెట్టాం. 3:40కి నీళ్లు పగిలాయి, తేటగా ఉన్నాయి. 4:40కి పూర్తిగా తెరుచుకుంది. అక్కడి నుంచి బిడ్డ గుండె ఐదు నిమిషాలకోసారి. పొట్ట మీద ఎవరినీ నొక్కనివ్వలేదు, కోత పెట్టలేదు. 5:52కి ఆడపిల్ల, 3 కిలోలు, వెంటనే ఏడ్చింది. స్టూడెంట్ చేతుల మీద నా చేతులు. ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరానికి ఇచ్చాం. రెండు నిమిషాల తర్వాత బొడ్డుతాడు కోశాం. 6:01కి మాయ పడింది, మొత్తంగానే ఉంది. చిన్న చిరుగుకు కుట్లు వేశాను. అప్పటికి పోయిన రక్తం కొలిస్తే 280 మిల్లీలీటర్లు.

6:20కి రిజిస్టర్లు రాసుకోవడానికి వెళ్లాను. రాత్రంతా మేలుకున్న మనిషికి ఆ సమయంలో ఒళ్లు కుర్చీని వెతుకుతుంది. 6:45కి స్టూడెంట్ వచ్చి, "మేడం, ఇది రెండో ప్యాడ్. బిడ్డ తూకం మీద పెట్టి చూశాను" అంది. పొడి ప్యాడ్ 30 గ్రాములు. తడిసినవి రెండూ కలిపి 340. గ్రాముకు ఒక మిల్లీలీటర్ లెక్కన ఇంకో 280. ముందుదానితో కలిపితే 560. కాన్పు తర్వాత 500 దాటితే అది పీపీహెచ్, అంటే కాన్పు తర్వాతి అధిక రక్తస్రావం. ధారగా కారలేదు, భళ్లున పోలేదు. సన్నగా, ఆగకుండా. ప్యాడ్లు తూచకుండా కంటితో చూసి ఉంటే మామూలే అనుకునేదాన్ని. నాడి 112, బీపీ 104/68. నాడి అంకె బీపీ పై అంకెను దాటిందంటే ఆగి ఆలోచించే సమయం కాదు.

పొట్ట మీద చేయి పెట్టాను. గర్భసంచి బొడ్డుకు పైన, కుడి పక్కకు జరిగి, మెత్తగా ఉంది. నేను కేకేసి డాక్టర్‌ను పిలుస్తుండగానే స్టూడెంట్ చిన్నగా అంది, "మేడం, మళ్లీ మూత్రమే."

క్యాథెటర్ వేస్తే 600 మిల్లీలీటర్లు వచ్చింది. మర్దన చేస్తుంటే గర్భసంచి కిందికి దిగి బంతిలా గట్టిపడింది. లీటరు ఆర్‌ఎల్ సెలైన్‌లో 20 యూనిట్ల ఆక్సిటోసిన్, డాక్టర్ చెప్పినట్టు రక్తం ఆగడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము పది నిమిషాల్లో మెల్లగా. డాక్టర్ కుట్లు, లోపలి చిరుగులు, మాయ అన్నీ మళ్లీ చూశారు. కారణం ఒకటి దొరికింది కదా అని రెండోది వెతకడం మానకూడదు. 7:05కి రక్తం ఆగింది. మొత్తం 650 దాకా పోయింది. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు.

కాగితం ఏం చెప్పింది

8 దాటాక డాక్టర్, నేను, స్టూడెంట్ కాగితం ముందేసుకుని కూర్చున్నాం. రాత్రి ఒంటి గంటకు మూత్రాశయం గురించి అంత హడావిడి చేసినదాన్ని, ఆ తర్వాత మళ్లీ ఎందుకు చూడలేదు? చూశాననే నా నమ్మకం. ఎవరైనా అడిగితే ఒట్టేసి చెప్పేదాన్ని.

మూత్రం వరసలో 1:20 తర్వాత రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. మొదటిదాని పక్కన: "3:20. వాంతులు. లేవలేదు. మేడంకు చెప్పాను." రెండోదాని పక్కన: "5:20. ముక్కుతోంది." ఆమె నాకు చెప్పిన సంగతి నాకు అస్సలు గుర్తులేదు. అదే సమయంలో పక్క టేబుల్ మీద కాన్పు నడుస్తోంది, ఊఁ అని ఉంటాను. పైగా సెలైన్ పెట్టించింది నేనే. ఎక్కిన నీళ్లు ఎక్కడికి పోతాయి? కుట్లు వేశాక కూడా మూత్రాశయం చూడకుండా లేచాను.

పీపీహెచ్‌కు అదొక్కటే కారణమా? కాకపోవచ్చు. నొప్పులు చాలాసేపు సాగాయి, గర్భసంచి అలిసిపోయి ఉంటుంది. ఎవరికి ఎందుకు వస్తుందో ముందే చెప్పలేని సమస్య ఇది. కానీ మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోలేదన్నది మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పే పాఠం. ఆ రెండు గళ్లలో టిక్కులు ఉండి ఉంటే డాక్టర్ గానీ నేను గానీ ఆ వైపే చూసేవాళ్లం కాదు. తప్పు ఆక్సిటోసిన్ మీదకో, ఆ తల్లి రక్తహీనత మీదకో పోయేది.

తల్లికి మర్నాడు హిమోగ్లోబిన్ 8.4. ఐరన్ ఇంజక్షన్లు ఇచ్చి, మూడో రోజు పంపించాం. అప్పటికి వాళ్లమ్మ చేతుల మంట తగ్గింది, మనవరాలిని ఎత్తుకుంది. వారం తర్వాత కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు తల్లి మమ్మల్ని ఎవరినీ గుర్తుపట్టలేదు. "ఆ చిన్న సిస్టర్ లేదా" అని అడిగింది.

వార్డులో రెండు మార్పులు చేశాం. మూత్రం గడిని కింది వరసలోంచి తీసి బిడ్డ గుండె గడి కిందికి తెచ్చాం. ప్యాడ్లు తూచడానికి కూరగాయల తూకం లాంటి చిన్న కాటా ఒకటి తెచ్చిపెట్టాం. బిడ్డ తూకం మీద రక్తపు ప్యాడ్లు పెట్టడం బాగుండదు కదా. ఒక్కొక్కరికి ఒక్క తల్లి అన్న పద్ధతి మాత్రం ఆ బ్యాచ్‌తోనే ఆగింది. తర్వాత వచ్చిన కాలేజీవాళ్లు, మా పిల్లల లెక్కలు పూర్తి కావాలి మేడం అన్నారు.

నెల తర్వాత ఆ స్టూడెంట్ కేస్ బుక్ మీద సంతకం కోసం వచ్చింది. కాలేజీలో ఎవరో, పార్టోగ్రాఫ్‌లో ఖాళీలు బాగా కనబడవు, ఫెయిర్ కాపీలో నింపెయ్ అన్నారట. ఏం చేయమంటారు మేడం అంది. నేనేం చెప్పలేదు, ఆమె పోస్టింగ్, ఆమె మార్కులు. మర్నాడు తెచ్చిన ఫెయిర్ కాపీలో స్కెచ్ పెన్నులతో గీతలన్నీ ముద్దుగా గీసుకొచ్చింది. 3:20, 5:20 గళ్లు మాత్రం ఖాళీగానే ఉన్నాయి, పక్కన ఆమె రాసిన మాటలతో సహా. నేను ఆ రెండు గళ్ల కింద సంతకం పెట్టాను.